బేస్‌బాల్‌లో జీతాలకు డబ్బు కుమ్మరిస్తే కప్పు వస్తుందా?

అర్లింగ్టన్_శ్రీధర్:

సూటిగా అడుగుతున్నాను, ఆట బాగా ఫాలో అయ్యేవాళ్లు చెప్పండి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాళ్ల జీతాలకు ఎక్కువ పెట్టిన టీమ్ నిజంగానే ఎక్కువ గెలుస్తుందా? క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు ఈ లెక్క ఎంతకీ కొరుకుడు పడటం లేదు. ఐపీఎల్‌లో అందరికీ ఒకటే పర్సు, 2025 మెగా వేలానికి పది టీమ్‌లకీ తలా 120 కోట్లు, ఆ డబ్బులోనే సర్దుకోవాలి, కాబట్టి ఎవరు తెలివిగా కొన్నారన్నదే తేడా. ఇక్కడ అలాంటి హద్దే లేదు కదా. లగ్జరీ ట్యాక్స్ అని ఒకటుంది గానీ అది గీత దాటితే కట్టే జరిమానా మాత్రమే, స్తోమత ఉన్న ఓనర్ కట్టుకుంటూ పోవచ్చు.

2023లో న్యూయార్క్ మెట్స్ జీతాలకే సుమారు 350 మిలియన్ డాలర్లు పెట్టింది, అప్పటికి అదే రికార్డు. గెలిచింది 75, ఓడింది 87. అదే ఏడాది అందులో నాలుగో వంతు కూడా పెట్టని బాల్టిమోర్ ఓరియోల్స్ 101 ఆటలు గెలిచింది. ఇది చూసి డబ్బుతో పనేం లేదులే అనుకునేలోపు 2024, 2025 రెండేళ్లూ వరసగా లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ కప్పు (సీజన్ చివరి ఫైనల్, వరల్డ్ సిరీస్) కొట్టేసింది, వాళ్ల ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. ఇక మా ఊరి టీమ్ టెక్సస్ రేంజర్స్ 2021లో 102 ఆటలు ఓడి, ఆ చలికాలంలోనే కోరీ సీగర్‌కి పదేళ్లకు 325 మిలియన్లు, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్లకు 175 మిలియన్లు రాసిచ్చి, 2023లో కప్పు ఎత్తింది. మా ఆఫీసులో సగం మంది డబ్బే అంతా అంటారు, సగం మంది డబ్బు పెట్టినవాడు మునుగుతాడు అంటారు. ఎవరికి వాళ్లు తమకు నచ్చిన ఏడాది పట్టుకుని వాదిస్తున్నారు. అసలు సంగతేంటి?

స్కోర్‌బుక్_మూర్తి:

శ్రీధర్ గారూ, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, అవి విడదీస్తే చాలావరకు తేలిపోతుంది. 162 ఆటల సీజన్‌లో డబ్బు పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది, ఒక్క ఏడాది చూస్తే కనిపించకపోవచ్చు గానీ పది పదిహేనేళ్లు వరసపెట్టి చూస్తే దాచినా దాగదు. డాడ్జర్స్ 2013 నుంచి ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ (సీజన్ అయ్యాక మంచి టీమ్‌లు ఆడే నాకౌట్ సిరీస్‌లు) తప్పలేదు. న్యూయార్క్ యాంకీస్‌కి 1992 తర్వాత గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి కూడా లేదు. ముప్పై ఏళ్లు దాటిపోయింది, ఆ మధ్యలో ఎంతమంది మేనేజర్లు, ఆటగాళ్లు మారారో చూడండి. మారనిది డబ్బు.

కానీ ప్లేఆఫ్స్ జరిగే అక్టోబర్ వేరు. ఈ ఆటలో వంద గెలిచిన మహా టీమ్ కూడా 62 ఓడుతుంది, అంటే ఎంత గొప్ప టీమ్‌కైనా ఏ ఒక్క రోజు తీసుకున్నా పదింటికి ఆరు పాళ్లే గెలుపు అవకాశం. అలాంటి ఆటలో ఐదింటికి మూడు గెలిస్తే చాలు అనే సిరీస్ పెడితే ఎవరు ఎవరినైనా ఇంటికి పంపొచ్చు. 2022లో డాడ్జర్స్ 111 గెలిచింది, తనకన్నా 22 ఆటలు తక్కువ గెలిచిన శాన్ డియేగో పాడ్రెస్ చేతిలో 3-1తో పోయింది. 2023లో వంద గెలిచింది, 84 గెలిచిన అరిజోనా వచ్చి 3-0తో ఊడ్చిపారేసింది. అదే టీమ్ ఆ తర్వాత రెండేళ్లు కప్పు కొట్టింది. మొదటి రెండేళ్లలో డబ్బు పనికిరాకుండా పోయి తర్వాత రెండేళ్లలో హఠాత్తుగా పనిచేయడం మొదలుపెట్టిందా? లేదు. డబ్బు వాళ్లని ఏటా గుమ్మం దాకా తెచ్చింది, నాలుగైదు సార్లు గుమ్మం దాకా వస్తే ఒకటి రెండు సార్లు లోపలికి పోతావు.

మన ఫ్యాన్స్‌లో చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది, నా లెక్కలో అసలు కీలకం అదే. ఏ ఒక్క ఏడాది చూసినా ఒక టీమ్ జీతాల మొత్తం ఆ టీమ్ ఎంత బాగా ఆడుతుందో చెప్పేదానికన్నా, ఆ టీమ్ ఆటగాళ్ల వయసు ఎక్కువ చెబుతుంది. ఇక్కడ రూల్ ఏంటంటే కుర్రాడు మేజర్ లీగ్‌లోకి వచ్చాక ఆరేళ్ల సర్వీసు నిండేదాకా టీమ్ గుప్పిట్లోనే ఉంటాడు. సుమారు మొదటి మూడేళ్లు కనీస జీతానికి కాస్త అటూ ఇటూ, 2025లో ఆ కనీసం 7,60,000 డాలర్లు. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్ (బేరం కుదరకపోతే మధ్యవర్తి జీతం తేల్చే పద్ధతి), జీతం మెల్లగా పెరుగుతుంది. ఆరేళ్లూ అయ్యాకే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ టీమ్‌తోనైనా బేరం కుదుర్చుకోవచ్చు, అప్పుడు గానీ మార్కెట్ రేటు రాదు. అప్పటికి వయసు ఇరవై తొమ్మిదో ముప్పైయో. బేస్‌బాల్‌లో ఒంట్లో సత్తా నిండుగా ఉండే వయసు ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిది. అంటే బాగా ఆడే రోజుల్లో తక్కువ జీతం, ఆట దిగజారే రోజుల్లో పెద్ద జీతం.

పిట్స్‌బర్గ్ పిచ్చర్ (బంతి వేసేవాడు) పాల్ స్కీన్స్‌ని చూడండి. 2025లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి ఆటకి, సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97. ఆ ఏడాది జీతం మిలియన్ డాలర్లు కూడా లేదు. అవతల ఆల్బర్ట్ పుహోల్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో మూడు ఎంవీపీలు (ఏడాదికి ఉత్తమ ఆటగాడి అవార్డు), రెండు కప్పులు కొట్టి, 32 ఏళ్లకు పదేళ్ల కాంట్రాక్ట్ మీద 240 మిలియన్లకు లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్‌కి వచ్చాడు. ఆ డబ్బు ఆయన చేసేసిన పనికి ఇచ్చినట్టే అయ్యింది, ఆఖరి ఏడాది మే నెలలో వదిలేశారు. జీతాల పట్టికలో ఒకరు బరువు, ఒకరు సున్నా. మైదానంలో చూస్తే అందుకు పూర్తిగా తలకిందులు. 2023 ఓరియోల్స్ మీకు చవగ్గా కనిపించింది కూడా ఇందుకే, అడ్లీ రట్ష్‌మన్, గన్నర్ హెండర్సన్ ఇద్దరూ అప్పుడే వచ్చిన కుర్రాళ్లు.

మీ రేంజర్స్ సంగతి కూడా చెప్పేస్తాను. 2023 వరల్డ్ సిరీస్ మొదటి ఆట గుర్తుందా, మీ అర్లింగ్టన్‌లోనే. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు పరుగులు వెనక, సీగర్ బంతిని స్టాండ్స్‌లోకి పంపి 5-5 చేశాడు. అది 325 మిలియన్ల దెబ్బ, ఒప్పుకుంటాను. పదకొండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ఆట ముగించింది ఎవరు? అడోలిస్ గార్సియా. కార్డినల్స్ అతన్ని కాస్త డబ్బు తీసుకుని అమ్మేసింది, 2021 ఫిబ్రవరిలో రేంజర్సే వద్దని జాబితాలోంచి తీసి వేవర్స్‌లో (కావాలంటే వేరే టీమ్ తీసుకోవచ్చని పెట్టే జాబితా) పెడితే మిగతా ఒక్క టీమ్ కూడా తీసుకోలేదు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ రాత్రి పోయేది. తర్వాత ఏమైందో కూడా చూడండి, సీగర్, సెమియన్ ఉండగానే 2024లో 78 గెలుపులు, 2025లో సరిగ్గా 81 గెలిచి 81 ఓడింది.

ఎడిసన్_రమణ:

మెట్స్ ఫ్యాన్‌ని, 2023 పేరెత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మూర్తి గారు వయసు గురించి చెప్పింది అక్షరాలా మా కథే. షెర్జర్, వెర్లాండర్ ఇద్దరికీ ఏడాదికి 43 మిలియన్లకు పైగా. సీజన్ మొదలయ్యేసరికి ఒకరికి 38, ఇంకొకరికి 40. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి పోయే పిచ్చర్లే, అందులో అనుమానం లేదు, కానీ ఆ వయసులో భుజమో వెన్నో ఎప్పుడు ఏమంటుందో ఎవరికి తెలుసు? వెర్లాండర్ సీజన్ మొదటి రోజే గాయాల లిస్టులో ఉన్నాడు. ఇంకా ఘోరం, మా క్లోజర్ ఎడ్విన్ డియాజ్‌కి అంతకు ముందే ఐదేళ్లకు 102 మిలియన్లు ఇచ్చారు, మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ప్యూర్టోరికో గెలిచిందని సంబరం చేసుకుంటూ ఎగిరితే మోకాలు పోయింది, సీజన్ మొత్తం గోవిందా. బంతి వేస్తూ కాదు, ఎవరో తగిలీ కాదు, గెలిచిన సంతోషంలో గంతులేస్తూ! తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం కొన్న మనిషే లేకపోతే మిగిలిన ఎనిమిది ఇన్నింగ్స్‌కి ఎంత పోసినా ఏం లాభం?

కానీ ఆ తర్వాత జరిగింది ఎవరూ మాట్లాడరు, నాకు అదే ముఖ్యంగా అనిపిస్తుంది. ఆశలు పోయాక ట్రేడ్ గడువు (సీజన్ మధ్యలో ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి తేదీ) దగ్గర ఇద్దరు పిచ్చర్లనీ అమ్మేశారు, షెర్జర్ మీ రేంజర్స్‌కి, వెర్లాండర్ హ్యూస్టన్‌కి. అమ్మేటప్పుడు మిగిలిన జీతాల్లో చాలా భాగం మేమే కడతాం అన్నారు. ఎందుకు? డబ్బు మేం కడితే అవతలి వాళ్లు తమ మైనర్ లీగ్ (కుర్రాళ్లు తయారయ్యే కింది లీగ్) కుర్రాళ్లలో మంచివాళ్లని ఇస్తారు. అలా వచ్చినవాళ్లే లూయిస్ఆంహెల్ అకున్యా, డ్రూ గిల్బర్ట్, రైయన్ క్లిఫర్డ్. అంటే మా ఓనర్ స్టీవ్ కోహెన్ డబ్బుతో గెలుపులు కొనలేక, అదే డబ్బుతో కుర్రాళ్లని కొన్నాడు. ఫ్రీ ఏజెంట్లని కొనడానికన్నా డబ్బుని ఇలా వాడటమే తెలివైన పని అని నా నమ్మకం. కాకపోతే షెర్జర్ జీతం చాలావరకు మేం కడుతుంటే కప్పు ఉంగరం రేంజర్స్ వేలికి వెళ్లింది, అది మాత్రం జీర్ణం కాలేదు.

ఇక మా బ్యాటర్ హువాన్ సోటో. 15 ఏళ్లకు 765 మిలియన్లు, ఆటల చరిత్రలోనే అతిపెద్ద కాంట్రాక్ట్. అతన్ని తప్పుపట్టడానికి లేదు, 2025లో 43 హోమ్ రన్లు కొట్టాడు. అయినా టీమ్ 83 గెలిచి, సిన్సినాటితో సమానమై, టైబ్రేకర్‌లో పోయి, ప్లేఆఫ్స్ బయట నిలబడింది. క్రికెట్‌లో ఒక కోహ్లీ నిలబడితే ఒంటి చేత్తో ఛేజ్ లాగేస్తాడు. ఇక్కడ సోటోకైనా తొమ్మిది మందిలో ఒక వంతే, నాలుగైదు సార్లు బ్యాట్ పట్టుకుంటాడు అంతే. అందుకే ఒక్క మనిషికి ఎంత పోసినా గెలుపుల లెక్క మనం ఊహించినంత కదలదు. క్రికెట్ నుంచి వచ్చిన మనవాళ్లు మొట్టమొదట అలవాటు చేసుకోవాల్సింది ఇదే.

బేఏరియా_సుజాత:

పై ఇద్దరూ చెప్పింది బాగానే ఉంది కానీ ఈ చర్చ ఎప్పుడూ ఒకే దారిలో పోతుంది, పెద్ద ఖర్చు పెట్టి బోర్లా పడినవాళ్ల కథలు చెప్పుకుంటాం, ఖర్చే పెట్టకుండా కూర్చున్న ఓనర్లని వదిలేస్తాం. నేను ఓక్లండ్ ఏ'స్ ఫ్యాన్‌ని, నాకు ఆ రెండోదే కడుపు కోత.

2002లో ఏ'స్ జీతాల ఖర్చు సుమారు 40 మిలియన్లు, యాంకీస్ ఖర్చు సుమారు 125. ఇద్దరూ 103 ఆటలే గెలిచారు. ఏ'స్ అందులో వరసగా 20 గెలిచింది. దీని మీద పుస్తకం, సినిమా వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చున్న తెలివైనవాళ్లు చవక ఆటగాళ్లని ఏరుకుంటే డబ్బున్నవాడితో సమానం కావచ్చు అనే మాట ప్రపంచమంతా పాకింది. ఆ టీమ్‌ని కూర్చిన బిల్లీ బీన్ తెలివిని తక్కువ చేయను. కానీ ఆ టీమ్ ఎందుకు గెలిచింది? బారీ జిటో, టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, ముగ్గురు పిచ్చర్లూ ఏ'స్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకుని పెంచినవాళ్లు, ముగ్గురూ మూర్తి గారు చెప్పిన ఆ ఆరేళ్ల లోపువాళ్లు. జిటోకి ఆ ఏడాది సై యంగ్. మిగెల్ తెహాదాకి ఎంవీపీ. ఎరిక్ షావెజ్ థర్డ్ బేస్‌లో. ఇంత బంగారం చేతిలో ఉండగా చవక అంటే ఎలా, జీతం చవక, ఆట కాదు. ఆ ఆరేళ్లూ నిండగానేనో, నిండకముందేనో చాలామంది వెళ్లిపోయారు. అంతకు ముందే జేసన్ జియాంబీ ఏడేళ్లకు 120 మిలియన్లకు యాంకీస్‌కి పోయాడు, తర్వాత తెహాదా పోయాడు, హడ్సన్, మల్డర్‌లని ట్రేడ్ చేశారు. పెంచేది మేం, పంట కోసుకునేది ఇంకొకరు.

ఆ 2002 టీమ్ కూడా మొదటి సిరీస్‌లోనే మిన్నెసోటా చేతిలో 3-2తో ఓడింది. ఏ'స్‌కి 1989 తర్వాత కప్పే లేదు. టాంపా బే రేస్ కూడా అంతే, అందరూ మెచ్చుకునే టీమ్, 2008లో, 2020లో వరల్డ్ సిరీస్ దాకా వచ్చింది, రెండుసార్లూ ఓడింది. 2020 ఆరో ఆటలో రేస్ పిచ్చర్ బ్లేక్ స్నెల్ 73 బంతులే వేశాడు, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు (బంతి కొట్టనివ్వకుండా ఔట్), ఇచ్చింది రెండే హిట్లు, 1-0తో ముందున్నారు, మేనేజర్ వచ్చి బంతి తీసేసుకున్నాడు. వచ్చిన రిలీవర్ (ఆట మధ్యలో దిగే పిచ్చర్) బంతికి డాడ్జర్స్ బ్యాటర్ మూకీ బెట్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, ఆట తిరిగిపోయింది, 3-1తో కప్పు డాడ్జర్స్‌ది. ఆ చలికాలంలోనే స్నెల్‌ని పాడ్రెస్‌కి పంపేశారు. ఇప్పుడతను ఎక్కడున్నాడు? డాడ్జర్స్‌లో, ఐదేళ్లకు 182 మిలియన్లు.

నిజంగా అట్టడుగు జీతాల టీమ్ కప్పు కొట్టిందంటే నాకు గుర్తొచ్చేది 2003 ఫ్లోరిడా మార్లిన్స్, యాంకీస్‌ని 4-2తో ఓడించింది. ఆ తర్వాత అలాంటిది చూడలేదు. కాన్సాస్ సిటీ 2015లో కొట్టింది గానీ అది మరీ బీద టీమ్ కాదు, మధ్యస్థం.

నా బాధల్లా తక్కువ డబ్బుతో గెలవొచ్చు అన్న ఆ ఒక్క మాట ఓనర్లకి సాకు అయిపోయింది. పిట్స్‌బర్గ్‌ని చూడండి, స్కీన్స్ లాంటి పిచ్చర్ ఉన్నాడు, 1.97తో సై యంగ్ గెలిచినవాడి ఖాతాలో ఆ ఏడాది 10 గెలుపులు, 10 ఓటములు. ఎందుకంటే వెనక పరుగులు కొట్టే బ్యాటర్లు లేరు. టీమ్ మొత్తం 71 గెలిచింది, 2015 తర్వాత ప్లేఆఫ్స్ లేదు. టీవీ డబ్బు, పెద్ద టీమ్‌ల నుంచి వచ్చే వాటా, అన్నీ అందుతున్నాయి కదా, ఇద్దరు మంచి బ్యాటర్లని తేవడానికేమైంది? మా ఏ'స్ అయితే ఏకంగా ఊరే వదిలేసి పోయింది. 1968 నుంచి ఉన్న ఓక్లండ్‌లో 2024 సెప్టెంబర్ 26న ఆఖరి హోమ్ ఆట ఆడి, లాస్ వేగస్ స్టేడియం సిద్ధమయ్యేదాకా శాక్రమెంటోలో ఒక మైనర్ లీగ్ మైదానంలో ఆడుతోంది. ఆ ఆఖరి రోజున గేటు దగ్గర మట్టి పొట్లం కట్టుకుని తీసుకెళ్తున్న ముసలాయన్ని చూశాను. వాళ్ల దగ్గరికెళ్లి జీతాలకీ గెలుపుకీ సంబంధం లేదని చెప్పడానికి నాకైతే నోరు రాదు.

వరంగల్_వంశీ:

అన్నలు, అక్కలు ఇంత రాశారు గానీ దీనికి మందు తేలిక కదా? ఐపీఎల్‌లా, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లా సాలరీ క్యాప్ (జీతాల ఖర్చుకి పై హద్దు) పెట్టేస్తే పోలా? డాడ్జర్స్ ఒహ్తానికి (బ్యాటింగ్, పిచ్చింగ్ రెండూ చేసే జపాన్ ఆటగాడు) పదేళ్లకు 700 మిలియన్లు రాసి, అందులో 680 మిలియన్లు 2034 నుంచి ఇస్తాం, ఇప్పుడు ఏడాదికి రెండు మిలియన్లే అంటే ఇదేం లెక్క? మళ్లీ పక్కన పిచ్చర్ యమమొటోకి 325. పొద్దున్నే లేచి 2025 వరల్డ్ సిరీస్ చూశాను, టొరంటో అంత బాగా ఆడి కూడా ఏడో ఆటలో ఓడిపోతే ఏడుపొచ్చింది.

స్కోర్‌బుక్_మూర్తి:

వంశీ, నీ బాధ అర్థమైంది, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. కానీ ఆ ఏడో ఆటనే ఇంకోసారి తలుచుకో. 700 మిలియన్ల ఒహ్తాని మూడు రోజుల విరామంతో పిచ్చింగ్‌కి దిగితే టొరంటో బ్యాటర్ బో బిషెట్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో రెండు ఔట్లైతే కప్పు టొరంటోది, అప్పుడు స్కోరు సమం చేసిన హోమ్ రన్ కొట్టింది మిగెల్ రోహాస్, 36 ఏళ్ల మనిషి, బ్యాటర్‌గా ఎవరూ లెక్కలోకి తీసుకోనివాడు, జీతంలో ఆ టీమ్ పెద్దల దరిదాపుల్లో కూడా లేనివాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిపించిన విల్ స్మిత్ 2016లో వాళ్లు డ్రాఫ్ట్ చేసుకుని పెంచుకున్న కుర్రాడు. మరి డబ్బు పని ఎక్కడుంది అంటే, ముందు రోజే 96 బంతులు వేసి మళ్లీ వచ్చి ఆఖరి ఎనిమిది ఔట్లు తీసిన యమమొటోలో ఉంది. అదీ కాదనలేం. ఇంకో మాట, టొరంటో కూడా బీద టీమ్ కాదు, తన బ్యాటర్ గెరేరోకి 14 ఏళ్లకు 500 మిలియన్లు ఇచ్చింది, జీతాల్లో పై వరసలోనే ఉంటుంది.

సుజాత గారు చెప్పినదాంట్లో నేను ఒప్పుకునేది చాలా ఉంది. నిజానికి డబ్బు చేసే అసలు పని ఎవరినో కొనడం కాదు, తప్పు జరిగినా తట్టుకోనివ్వడం. 2024లో డాడ్జర్స్ స్టార్టింగ్ పిచ్చర్లు (ఆట మొదలుపెట్టేవాళ్లు) ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు, గ్లాస్‌నౌ, కెర్షా, స్టోన్. ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి సరైన స్టార్టర్లు ముగ్గురే మిగిలారు, మిగతా రోజులు రిలీవర్లతో నెట్టుకొచ్చారు, అయినా కప్పు కొట్టారు. మిల్వాకీకో క్లీవ్‌ల్యాండ్‌కో ఆ గతి పడితే సీజన్ అక్కడితో సరి. అలాగని డాడ్జర్స్ డబ్బుతోనే నడుస్తోందనుకోవడం కూడా సగమే నిజం. మ్యాక్స్ మన్సీని 2017లో ఏ'స్ వదిలేస్తే, సుజాత గారు క్షమించాలి, డాడ్జర్స్ మైనర్ లీగ్ కాంట్రాక్ట్ మీద తెచ్చుకుంది, మరుసటి ఏడాదే 35 హోమ్ రన్లు. డబ్బుతో పాటు కుర్రాళ్లని పట్టే కన్ను కూడా వాళ్ల దగ్గరే ఉంది, మిగతావాళ్లకి కష్టమంతా అక్కడే.

క్యాప్ సంగతి. ఇది కొత్త మాట కాదు. 1994లో ఓనర్లు క్యాప్ కావాలని పట్టుబడితే ఆటగాళ్లు ఆగస్ట్ 12న సమ్మెకు దిగారు, ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు. అప్పటికి లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో ఉన్న టీమ్ ఎవరో తెలుసా? మాంట్రియల్ ఎక్స్‌పోస్, 74 గెలుపులు, 40 ఓటములు, జీతాల్లో అట్టడుగు టీమ్‌లలో ఒకటి. పెడ్రో మార్టినెజ్, లారీ వాకర్ ఉన్న టీమ్ అది. ఆట ఆగిపోయింది, మరుసటి ఏడాది వాకర్ వెళ్లిపోయాడు, టీమ్ చెల్లాచెదురైంది, పదేళ్లకి ఊరే మారి వాషింగ్టన్ చేరింది. బీద టీమ్‌లని కాపాడతామని మొదలుపెట్టిన గొడవ మొదట మింగింది ఆ టీమ్‌నే.

క్యాప్ ఉంటే అందరూ గెలుస్తారన్నది కూడా నేను నమ్మను. 2014 నుంచి 2023 దాకా పదేళ్లు తీసుకో. క్యాప్ లేని బేస్‌బాల్‌లో తొమ్మిది వేర్వేరు టీమ్‌లు కప్పు కొట్టాయి, హ్యూస్టన్ ఒక్కటే రెండుసార్లు. అవే పదేళ్లలో గట్టి క్యాప్ ఉన్న ఎన్ఎఫ్ఎల్‌లో ఆరే టీమ్‌లు, అందులో ప్యాట్రియట్స్ మూడు, చీఫ్స్ మూడు. అక్కడ ఒక్క మంచి క్వార్టర్‌బ్యాక్ (టీమ్ దాడిని నడిపే ఆటగాడు) దొరికితే పదేళ్లు నడుస్తుంది, ఇక్కడ ఆట స్వభావమే వేరు. నన్నడిగితే జీతాలకి పై హద్దు పెట్టేకన్నా కింది హద్దు పెట్టాలి, ఇంత తక్కువకి దిగడానికి వీల్లేదు అని. అలాగే కుర్రాళ్లకి ఆరేళ్లు ఆగకుండా ముందే మంచి జీతం రావాలి. ఓనర్లకీ ఆటగాళ్లకీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది, ఓనర్లు క్యాప్ అడుగుతారు, ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోదు, 2027 సీజన్ సవ్యంగా మొదలవుతుందా లేదా అన్నది నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

అర్లింగ్టన్_శ్రీధర్:

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. మూర్తి గారు, ఒక్కటి మిగిలింది. డబ్బు ఏటా గుమ్మం దాకా తెస్తుంది అన్నారు కదా, మరి ఏంజెల్స్ సంగతేంటి? మా రేంజర్స్ ఆడే డివిజనే (గుంపే) కాబట్టి ఏటా చూస్తున్నాను. ట్రౌట్, ఒహ్తాని ఇద్దరూ ఒకే టీమ్‌లో ఉండి కూడా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. లాస్ ఏంజెలిస్ మార్కెట్, ఖర్చు కూడా తక్కువేం కాదు.

స్కోర్‌బుక్_మూర్తి:

శ్రీధర్ గారూ, గుమ్మం దాకా తెచ్చేది డబ్బుని అంతటా పరిచినప్పుడు. ఏంజెల్స్ ముగ్గురు నలుగురి మీద కుప్ప పోసింది. పుహోల్స్ 240, ట్రౌట్ 12 ఏళ్లకు 426.5, ఆంథోనీ రెండన్ ఏడేళ్లకు 245. రెండన్ 2021 నుంచి ఏ ఒక్క సీజన్‌లోనూ 60 ఆటలు ఆడలేదు, 2025లో అసలు దిగనే లేదు, ప్రతిసారీ గాయమే, ఆయన్ని అని లాభం లేదు. కానీ అలాంటి దెబ్బ తగిలినప్పుడు ఆ చోట నిలబడటానికి మైనర్ లీగ్‌లో తయారైన కుర్రాడు ఒకడుండాలి, అక్కడే వాళ్ల దగ్గర శూన్యం. పిచ్చింగ్ కూడా ఏటా అరకొరే. ఒహ్తాని ఆరు సీజన్లు ఆడాడు, ఒక్క ప్లేఆఫ్ ఆట లేదు, డాడ్జర్స్‌కి మారిన మొదటి ఏడాదే కప్పు. 2025లో మిల్వాకీని ఇంటికి పంపిన ఆటలో ఒకే రాత్రి పది స్ట్రైకౌట్లు తీసి మూడు హోమ్ రన్లు కొట్టాడు. అదే మనిషి, అదే చెయ్యి. మారింది చుట్టూ ఉన్న మిగతా ఇరవై ఐదు మంది.

ట్రౌట్‌కి దక్కింది 2014లో ఒకే ఒక్క సిరీస్, కాన్సాస్ సిటీ చేతిలో మూడు ఆటల్లో అయిపోయింది, ఆయన కొట్టింది ఒక్క హిట్, అది హోమ్ రన్. నా వరకు ఈ తరంలో అంత గొప్ప ఆటగాడు ఇంకొకడు లేడు, కాంట్రాక్ట్ 2030 దాకా ఉంది, ఆలోపు ఒక్కసారైనా అక్టోబర్‌లో ఆడాలని చూస్తున్నాను.